ప్యాకేజీ సరే... పొగ లెక్క చూశారా?

ఇంటర్వ్యూకి వెళ్లే ముందు కంపెనీ గురించి ఏం చూస్తాం? ప్యాకేజీ ఎంత, బాండ్ ఉందా, పోస్టింగ్ ఎక్కడ? అంతే. ఆ కంపెనీ గాల్లోకి, నీళ్లలోకి ఏం వదులుతోందో చూసేవాళ్లు తక్కువ. షేర్లు కొనేవాళ్లు మాత్రం ఆ లెక్క ఎప్పటి నుంచో చూస్తున్నారు.

దీని మూలాలు మన భోపాల్‌లో ఉన్నాయి. 1984 డిసెంబరులో యూనియన్ కార్బైడ్ విషవాయువు వేల మందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో అదే కంపెనీ ప్లాంటులోనూ గ్యాస్ లీకైంది. దాంతో 1986లో అక్కడ ఒక చట్టం వచ్చింది. ఏ ఫ్యాక్టరీ ఏ విషరసాయనం ఎంత వదిలిందో ఏటా చెప్పాలి, ఆ లెక్క జనానికి తెలియాలి. ఇంత తగ్గించాలన్న షరతు అందులో లేదు. చెబితే చాలు!

ఉత్త చెప్పడంతో ఏమవుతుంది అనిపిస్తుంది. 1989 జూన్‌లో తొలి లెక్కలు బయటికొచ్చిన రోజున, జాబితాలోని కంపెనీల షేర్ల విలువ సగటున 41 లక్షల డాలర్లు పడిపోయిందని ఆర్థికవేత్త జేమ్స్ హామిల్టన్ తేల్చారు. షేరు బాగా దెబ్బతిన్న కంపెనీలే తర్వాత తోటి కంపెనీలకన్నా ఎక్కువగా కాలుష్యం తగ్గించాయని 1997లో మరో అధ్యయనం చెప్పింది. ఎందుకంటే ఇన్వెస్టర్‌కి ఈ రోజు పొగ అంటే రేపటి జరిమానా, కోర్టు కేసు.

మన దగ్గరా ఇలాంటి లెక్క ఉంది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ అనే రిపోర్టు ఇవ్వాలని 2022-23 నుంచి సెబీ తప్పనిసరి చేసింది. కంపెనీ వెబ్‌సైట్‌లో వార్షిక నివేదికతోపాటు దొరుకుతుంది. అందులో ఆరో సూత్రం పర్యావరణానిది. నీటి వాడకం, గాలిలోకి వదిలినవి, వ్యర్థాలు, చట్టం తప్పితే పడిన జరిమానాలు అన్నీ అక్కడే ఉంటాయి. రెండేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

లోపాలూ ఉన్నాయి. అంకెలు రాసేది కంపెనీయే. బయటివాళ్లతో సరిచూపించాలన్న నిబంధన పెద్ద కంపెనీలతో మొదలై దశలవారీగా వస్తోంది. లిస్ట్ కాని కంపెనీలకు ఈ రిపోర్టు తప్పనిసరే కాదు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. ఆ ప్లాంటు నడిపిన ఎల్‌జీ పాలిమర్స్ మన మార్కెట్లో లిస్ట్ అయిన కంపెనీ కాదు. అందుకే వెలుగు ఇంకా పెరగాలి.

ఈ లెక్కలు కట్టడానికి, సరిచూడటానికి మనుషులు కావాలి. బీకాం, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్, డేటా చదివినవాళ్లకు ఇదొక దారి.

షేరు నచ్చకపోతే ఇన్వెస్టర్ ఒక్క రోజులో అమ్మేసుకుని పోతాడు. మనం పెట్టేది డబ్బు కాదు, ఏళ్లు. పైగా ఆ ప్లాంటు గాలి పీల్చేది మనమే. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటారు కదా. ఈసారి ఊరుకోకండి. రిపోర్టు చదివి వెళ్లి, ఒక్క ప్రశ్న అడగండి.