గోడ కట్టింది ఎవరు?

మన కాలేజీల్లో గిటారు పట్టినవాడు పింక్ ఫ్లాయిడ్ వారి బడి పాట పాడకుండా స్టేజి దిగడం అరుదు. వెనక బెంచీల్లో ఈలలు. ముందు వరుసలో లెక్చరర్లు ఇబ్బందిగా కదులుతారు. ఉభయులూ ఆ పాటను సగమే విన్నారని నా అభియోగం.

ఆ పాట 1979 నవంబరు 30న విడుదలైన ‘ది వాల్’ ఆల్బమ్‌లోది. రెండు ఎల్.పి.లు, 26 పాటలు, ఒకే కథ. పింక్ అనే రాక్ గాయకుడి తండ్రి యుద్ధంలో పోయాడు. తల్లి కొంగు చాటున పెంచింది, మేష్టర్లు ఎగతాళి చేశారు, భార్య దూరమైంది. గాయానికో ఇటుక చొప్పున తన చుట్టూ గోడ కట్టుకుంటాడు. ‘కట్టుకుంటాడు’ అన్నమాట గమనించాలి. ఇటుకలందించింది లోకమే గాని, తాపీ పట్టింది అతగాడే. ఆ గోడ చాటున అతని మనసు మురిగి, చివరికి తనను తాను ఒక నియంతగా ఊహించుకుని జనంలో పరాయివాళ్ళను ఏరిస్తాడు! బడి పాటకు ఈల వేసేవాళ్ళు ఇంతదాకా వస్తారా?

ఇది ఉత్త కల్పన కాదు. రాసిన రోజర్ వాటర్స్ ఐదు నెలల పసివాడుగా ఉండగా, 1944లో, తండ్రి ఇటలీలోని ఆంజియో దగ్గర యుద్ధంలో చనిపోయాడు. 1977లో మాంట్రియల్ కచేరీలో వాటర్స్ ఒక అభిమాని మీద ఉమ్మేశాడు. తన చేష్టకు తనకే వెగటు పుట్టి, శ్రోతలకూ తనకూ నడుమ గోడ అనే ఊహ మొలిచింది. ఈ రికార్డింగు కాలంలోనే కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్‌ను బృందంలోంచి తప్పించారు. తరవాతి కచేరీల్లో ఆయన జీతానికి వాయించాడు. గోడ మీద పాట కట్టిన ఇంట్లోనే గోడ లేచిందన్నమాట.

నాకు నచ్చనిదీ ఉంది. తల్లీ, భార్యా పింక్‌కు ఇటుకలే తప్ప, వాళ్ళ బాధేమిటో మనకు తెలియనివ్వడు. వాటర్స్‌కు తన మీద తనకున్న జాలి కాస్త ఎక్కువే.

అయినా 1980లో దక్షిణాఫ్రికాలో జాతివివక్ష చదువుల్ని బహిష్కరించిన విద్యార్థులు ఆ బడి పాటనే నినాదం చేసుకున్నారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. వాళ్ళకు నిజంగానే ఎదుట గోడ ఉంది, దాన్ని వాళ్ళు కట్టుకోలేదు. మన సంగతి వేరు. సీనియరుకు జూనియరు, తెలుగు మీడియం వాడికి ఇంగ్లీషు మీడియం వాడు పరాయివాడైన హాస్టలు మెస్సులో గోడలు ఏ మేష్టరూ కట్టలేదు.

అన్నట్టు, మనవాళ్ళు పాడేది రెండో భాగం మాత్రమే. మూడోదీ ఉంది, నిమిషం పైచిలుకు. అందులో పింక్ తనకిక ఎవ్వరూ అక్కర్లేదని తెగేసి చెబుతాడు. వచ్చే వార్షికోత్సవానికి అది కూడా పాడితే ముందు వరుసా, వెనక బెంచీలూ కలిసి వినొచ్చు.