భయానక చలనచిత్రములు – మా తూనిక

ఈ నెల మూడు చిత్రములు చూచితిమి. 2003 నాటిదైనను కొరియా దేశపు ‘ఏ టేల్ ఆఫ్ టూ సిస్టర్స్’ ఉత్తమము. సవతితల్లి, అక్కచెల్లెండ్రు, ఒక పాత యిల్లు. అందలి భూతము చాలవఱకు దుఃఖమే. పదింట తొమ్మిది. పిల్లలు నిద్రించిన పిమ్మట చూడుఁడు.

‘మసూద’ (2022) కూఁతునకై పోరాడు తల్లి కథ. కొంత సాగఁదీసిరి, ఏడు.

‘విరూపాక్ష’ (2023)లో చేతబడి నెపమున ఊరివారు దంపతులను దహించు ఘట్టము మమ్ము వణఁకించినది. కాని ఆ విద్య నిజమేయని కథ తేల్చినది గాన నాలుగింటికి మించి ఈయఁజాలము. మన కరీంనగరము, ఆదిలాబాదు పల్లెలలో బాణామతి యనుమాట వినోదము గాదు. 2022 జనవరిలో జగిత్యాలలో ఆ యనుమానముననే ఒక తండ్రిని, ఇరువురు కొడుకులను పొడిచి చంపిరి. ఈ చిత్రము చూచి వచ్చినవారు పొరుగింటి ముసలమ్మను ఏ కంటఁ జూచెదరో యని మా భయము.