వేరుశనగ బూజు, దాని పాత ఫైలు

పోయిన ఐప్పసి వానలు మన రాజపాళయంలో ఎట్లు కురిసినవో పాఠకులకు చెప్పనక్కరలేదు. సంజీవి కొండ వారం రోజులు మబ్బులోనే వున్నది. మా ఇంటి కొట్టుగది గోడ చెమర్చింది. మూలనున్న వేరుశనగ మూట విప్పి చూస్తే, కొన్ని గింజలకు పసుపూ ఆకుపచ్చా కలిసిన బూజు పట్టి వున్నది.

గుమాస్తా కొంపలో ఏదీ పారవేయడానికి చేయి రాదు గదా! "మంచివి ఏరి వేయించుకుందాము, చెడినవి పక్కింటి పిన్ని ఆవుకు వేద్దాము" అన్నాను. మా ఆవిడ చేట తీసుకొని కూర్చున్నది.

కాలేజీలో జీవశాస్త్రం చదివే మా అమ్మాయి అడ్డం వచ్చింది. "నాన్నా, ఆ ఆవు పాలు రేపు మన కాఫీలోకేగా వచ్చేది!" అన్నది. నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి అది చెప్పిన సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది చేసే విషం అఫ్లటాక్సిన్, కాలేయానికి చేటు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, బ్రెజిలు నుంచి వచ్చిన వేరుశనగ చెక్క, అనగా మన పుణ్ణాకు, కారణమని తేలింది. మన దేశంలోనే 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించారు. దానిని పరిశోధించినవారు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు.

బూజుకు ఈ విద్య ఎట్లు వచ్చింది? బ్రతకడానికి, పెరగడానికి దానికి ఈ విషం అక్కరలేదు. ఇది అదనంగా చేసుకునే సరుకు. పోటీకి వచ్చే జీవులను, పురుగులను దూరంగా వుంచడానికి కావచ్చునని శాస్త్రజ్ఞుల వూహ. 1928లో ఫ్లెమింగు కనిపెట్టిన పెనిసిలిన్ కూడ ఇట్టి సరుకే. ఒక బూజుది మందు, మరొక బూజుది విషం.

మా ఆఫీసులో ఒక పనికి చెందిన కాగితాలన్నీ ఒకే ఫైలులో కట్టి వుంచుతాము. బూజు పద్ధతీ అదే. అఫ్లటాక్సిన్ చేయడానికి కావలసిన సుమారు 25 జీనులు ఒకదాని పక్కన ఒకటి వరుసగా వున్నవి. ఇవన్నీ ఒక్కనాడు పుట్టలేదు. పాత జీనుకు నకలు పడి, ఆ నకలు తరతరాలుగా మారుతూ కొత్త పని నేర్చుకున్నది. కట్టగా వున్నందున అన్నీ కలిసి తరువాతి తరానికి సంక్రమిస్తవి. ఒక్కొక్కప్పుడు ఫైలు వేరే టేబులుకు పోయినట్లు, పరాయి జాతికి కూడ దాటుతవి. ఈ విషానికి దగ్గర చుట్టమైన మరొక విషం తాలూకు కట్ట మొత్తం ఆస్పర్జిల్లస్ నుంచి, పేడ మీద పెరిగే పోడోస్పోరా అనే శిలీంధ్రానికి చేరినట్లు 2011లో ప్రకటించారు.

ఫైలు వున్నంత మాత్రాన పని జరుగుతుందా? జపానువారు సోయా సాసుకు వాడే ఆస్పర్జిల్లస్ ఒరైజే మన ఫ్లేవస్‌కు దాయాది. దానిలోనూ ఆ కట్ట వున్నది. కాని కొన్ని కాగితాలు చెడిపోయినవి. కొన్ని తెగలలో సగానికి సగం లేనే లేవు. అందుచేత విషం పుట్టదు. ఫ్లేవస్‌లో కూడ విషం చేయని తెగలున్నవి. అమెరికాలో, ఆఫ్రికాలో వాటిని పొలాలలో చల్లి, విషపు తెగలకు చోటు లేకుండా చేస్తున్నారు.

మన కొట్టుగదిలోని బూజు ఏ తెగదో కంటికి తెలియదు. వేయించినా, వుడికించినా విషం పూర్తిగా పోదు. పశువుకు పెడితే పాలలోకి వస్తుంది. కాబట్టి కాయలను బాగా ఎండబెట్టి, చెమ్మ తగలకుండా దాచాలి. బూజు పడితే పారవేయాలి.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ముందటేడు ఇట్టి గింజలనే మా వీధి వూడ్చే అక్కకు ఇచ్చాము. "పిల్లలు తింటారు సామీ" అని కొంగున కట్టుకొని పోయింది. దానం చేశామని మేము సంతోషించాము. ఈసారి మూటను గోతిలో పూడ్చి, బజారులో మంచి కాయలు రెండు కిలోలు కొని ఆమెకు ఇచ్చాను. "ఎందుకు సామీ ఇన్ని?" అని అడిగింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు.