టెక్సాస్ కథలో సెగీన్ ఎక్కడ?

హెర్న్‌డన్ నుంచి నేచురల్ బ్రిడ్జ్ చూడటానికి వెళ్లే మన కుటుంబాలు చాలానే ఉన్నాయి. దారిలో, లెక్సింగ్టన్‌కు కాస్త ముందు టింబర్ రిడ్జ్ వస్తుంది. 1793 మార్చి 2న శామ్ హ్యూస్టన్ పుట్టింది అక్కడే. మన బంధువులెందరో ఉంటున్న హ్యూస్టన్ మహానగరానికి పేరిచ్చినవాడు వర్జీనియా వాడే అని చెబితే ఇక్కడి తెలుగువాళ్లే ఆశ్చర్యపోతారు.

అప్పట్లో టెక్సాస్ మెక్సికోది. అమెరికా నుంచి వచ్చి స్థిరపడేవారికి మెక్సికోయే భూములిచ్చింది. వచ్చినవాళ్ల సంఖ్య పెరిగి అక్కడివాళ్లనే మించిపోయింది. 1829లో మెక్సికో బానిసత్వాన్ని రద్దు చేసి, టెక్సాస్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1830లో అమెరికా నుంచి వలసలను ఆపేస్తూ చట్టం చేసింది. ఆపై శాంటా అన్నా రాష్ట్రాల అధికారాలన్నీ రాజధానికి లాక్కున్నాడు. తిరుగుబాటుకు కారణం స్వేచ్ఛ ఒక్కటే అనేవాళ్లు, ఆ తర్వాత వచ్చిన 1836 రాజ్యాంగాన్ని ఒకసారి చదవాలి. బానిసత్వానికి అది గట్టి రక్షణ కల్పించింది. కాంగ్రెస్ అనుమతి లేకుండా స్వేచ్ఛ పొందిన నల్లవారిని సైతం ఉండనివ్వలేదు.

1836 మార్చి 2న స్వాతంత్ర్యం ప్రకటించారు. నాలుగు రోజులకే అలమో పడిపోయింది. సేనాధిపతి హ్యూస్టన్ వారాల తరబడి వెనక్కి తగ్గుతూ వచ్చాడు. సొంత ప్రభుత్వమే తప్పుపట్టింది. ఏప్రిల్ 21 మధ్యాహ్నం, శాన్ జసింటో దగ్గర విశ్రాంతి తీసుకుంటున్న శత్రుసైన్యంపై పడ్డాడు. పోరు 18 నిమిషాల్లో తేలిపోయింది. చంపడం మాత్రం ఆ తర్వాత కూడా ఆగలేదు. 600 మందికి పైగా మెక్సికన్ సైనికులు చనిపోయారు. మర్నాడు పట్టుబడ్డ శాంటా అన్నాను చంపాల్సిందేనని సైనికులు పట్టుబట్టినా హ్యూస్టన్ ఒప్పుకోలేదు. ఆయనలో నాకు నచ్చేది ఆ రోజు చూపిన నిబ్బరం. 1861లో, గవర్నర్‌గా ఉంటూ, కాన్ఫెడరసీకి విధేయతా ప్రమాణం చేయనని పదవి పోగొట్టుకోవడం ఇంకా నచ్చుతుంది. అలాగని ఆయనను దేవుణ్ణి చేయలేం. ఆయనకూ బానిసలు ఉండేవారు.

మన పిల్లలకు అసలు వినపడనిది హువాన్ సెగీన్ పేరు. శాన్ ఆంటోనియోలో పుట్టిన మెక్సికన్. శాన్ జసింటోలో టెక్సాస్ పక్షాన తన దళంతో పోరాడాడు. మనవాళ్లే శత్రువనుకుని కాల్చకుండా ఆయన దళంలోని వాళ్లు టోపీలకు అట్టముక్కలు పెట్టుకోవాల్సి వచ్చింది. అలమోలో చనిపోయినవారి చితాభస్మానికి అంత్యక్రియలు జరిపించిందీ ఆయనే. తర్వాత శాన్ ఆంటోనియో మేయరయ్యాడు. కొత్తగా వచ్చినవాళ్లు ద్రోహి అన్నారు. 1842లో ప్రాణాలు దక్కించుకోవడానికి మెక్సికో పారిపోయాడు. పాస్‌పోర్టు మారినా, ఇరవై ఏళ్లు పన్ను కట్టినా, ‘మీరు అసలు ఎక్కడివారు?’ అన్న ప్రశ్న వింటూనే ఉండే మనం ఈ భాగాన్ని దాటేసి కథ చెప్పకూడదని నా అభిప్రాయం.

హ్యూస్టన్ నుంచి శాన్ ఆంటోనియోకు ఐ-10 మీద వెళ్తుంటే సెగీన్ అనే ఊరు తగులుతుంది. 1839లో ఆయన పేరే దానికి పెట్టారు. మూడేళ్లకు ఆయన్నే వెళ్లగొట్టారు. 1890లో సరిహద్దు అవతల కన్నుమూశాడు. ఆయన అస్థికలను ఆ ఊళ్లో ఖననం చేసింది 1976 జూలై 4న. ఈ వేసవిలో టెక్సాస్ బంధువుల ఇంటికి వెళ్లేవాళ్లు అక్కడ ఓ అరగంట కారు ఆపి, పిల్లలకు ఈ తేదీలన్నీ వరుసగా చెప్పండి.