తీరదీపం

చీకటి కమ్మిన సముద్రంలో నావికునికి నేల జాడ తెలిపేది దీపస్తంభం. కాకినాడ నుండి ఉప్పాడకు పోయే తీరమార్గంలో వాకలపూడి దీపస్తంభం ఆ పనే చేస్తున్నది. ఒక్కొక్క దీపస్తంభం వెలిగి ఆరే కాలవిరామం ఒక్కొక్క తీరు. దానిని బట్టి నావికుడు తాను ఏ రేవును సమీపిస్తున్నాడో గుర్తిస్తాడు.

ఉపగ్రహాలు దారి చూపే ఈ రోజుల్లో ఇక దీపస్తంభాలతో పనేమిటని కొందరి వాదన. అది సమంజసం కాదు. యంత్రం మొరాయించిన రాత్రి చిన్న పడవలోని మత్స్యకారునికి కంటికి కనిపించే వెలుగే ఆధారం.

అంతేకాదు, ఈ తీరం నిలకడ లేనిది. గోదావరి ముఖద్వారాన వర్ధిల్లిన కోరంగి రేవు 1789, 1839 సంవత్సరాల తుపానులకూ, ఇసుక మేటలకూ క్షీణించగా ఓడల వ్యాపారం కాకినాడకు మళ్ళింది. ఉప్పాడలో ఇళ్ళనూ, గుళ్ళనూ కడలి కబళించింది. ఒడ్డు కదలిపోతున్న చోట స్థిరమైన గుర్తు ఎంతో విలువైనది. కడలి ఎంత నేలను మింగిందో దాని నుండి కొలిచి చెప్పవచ్చు.

1927 నాటి దీపస్తంభాల చట్టం స్థానంలో 2021లో వచ్చిన కొత్త చట్టం, దీపస్తంభాలను వారసత్వ సంపదగా ప్రకటించే వీలు కల్పించింది. పాత దీపస్తంభాల విషయంలో ఆ వీలును వినియోగించుకోవాలి. ఓడలను ఒడ్డుకు చేర్చిన దీపాన్ని కాపాడుకోవడం ఒడ్డున ఉన్నవారి ధర్మం.