డిఫెన్స్ అయిందని ఊపిరి పీల్చుకోకండి

అమెరికాలో డిఫెన్స్ అయినంత మాత్రాన పీహెచ్‌డీ అయిపోదు. ఈ ఒక్క సంగతి సరిగా తెలియక, ఐదారేళ్ళు రాత్రింబవళ్ళు కష్టపడిన పిల్లలు ఆఖరి నెలల్లో జీతాన్నీ, వీసా స్టేటస్‌నీ ప్రమాదంలో పెట్టుకుంటున్నారు. వచ్చే సెమిస్టర్‌లో థీసిస్ ఇవ్వబోతున్నవాళ్ళు, వాళ్ళ తల్లిదండ్రులు ఇది ఇప్పుడే చదవాలి. గడువు దాటాక చదివితే లాభం లేదు.

పొరపాటు మన అలవాటులోనే ఉంది. ఉస్మానియాలో గానీ, ఆంధ్రా యూనివర్సిటీలో గానీ ముందు థీసిస్ సమర్పిస్తారు. అది బయటి పరీక్షకుల దగ్గరికి వెళ్తుంది, నెలలు గడుస్తాయి, నివేదికలు వచ్చాక చివర్లో వైవా. వైవా అయిందంటే ఇంట్లో స్వీట్లు పంచుతారు, న్యాయమే. అమెరికాలో ఈ వరస తలకిందులు. ముందు డిఫెన్స్, అంటే కమిటీ ఎదుట మౌఖిక పరీక్ష, జరుగుతుంది. కమిటీ ‘పాస్’ అంటూనే మూడో అధ్యాయం తిరగరాయమంటుంది. తిరగరాసి, అందరి సంతకాలూ పట్టుకుని, గ్రాడ్యుయేట్ స్కూల్ ఫార్మాట్ తనిఖీ దాటించి, యూనివర్సిటీ రిపాజిటరీలోనూ, చాలాచోట్ల ప్రోక్వెస్ట్ అనే థీసిస్‌ల డేటాబేస్‌లోనూ ఫైలు పెట్టాలి. దీన్నే డిపాజిట్ అంటారు. అసలు సమర్పణ ఇదే. ఆ తనిఖీ చేసేవాళ్ళకు మీ సిద్ధాంతంతో పనిలేదు. మార్జిన్ తగ్గినా, విషయసూచికలో పేజీ నంబరు తప్పినా వెనక్కి పంపుతారు. డిపాజిట్ గడువు ఒక్కరోజు దాటినా డిగ్రీ తర్వాతి సెమిస్టర్‌కు పోవచ్చు. పోతే చాలాచోట్ల మళ్ళీ రిజిస్ట్రేషన్, మళ్ళీ ఫీజు తప్పవు.

అంతకంటే పెద్ద చిక్కు విద్యార్థి హోదా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఉంది. దాని మీద ప్రోగ్రాం ముగిసే తేదీ ఒకటి ఉంటుంది. థీసిస్ ఆలస్యమవుతుందని తెలిస్తే ఆ తేదీ రాకముందే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి అయిన డీఎస్‌ఓను పొడిగింపు అడగాలి. ప్రయోగం విఫలమైంది, పరిశోధనాంశం మారింది, జబ్బుచేసిందని వైద్యుల కాగితముంది: ఇలాంటి కారణాలు చెల్లుతాయి. అకడమిక్ ప్రొబేషన్‌లో ఉన్నానంటే చెల్లదు. తేదీ దాటిపోయాక అడిగితే మిగిలేది రీఇన్‌స్టేట్‌మెంట్, అంటే పోయిన స్టేటస్‌ను తిరిగి ఇమ్మని దరఖాస్తు చేసుకోవడం. దానికి నెలలు పడతాయి, వస్తుందన్న నమ్మకమూ లేదు.

ఆలస్యమైనవాళ్ళ సంగతి సరే, తొందరగా ముగించినవాళ్ళు ఇంకా తేలిగ్గా బోల్తాపడతారు. ఐ-20లో డిసెంబర్ ఉంది, డిపాజిట్ జూన్‌లోనే అయిపోయింది, ఇంకో ఆరు నెలలు ఢోకా లేదనుకుంటారు. చదువు పూర్తయితే ఇంటర్నేషనల్ ఆఫీసు ఆ తేదీని కుదిస్తుంది. చదువయ్యాక దేశంలో ఉండనిచ్చే 60 రోజుల గ్రేస్ పీరియడ్ లెక్క అక్కడినుంచే మొదలవుతుంది. క్యాంపస్‌లో పనిచేసే హక్కూ ఆ తేదీతోనే ఆగుతుంది. ‘ఇంకో రెండు వారాలు ల్యాబ్‌కి వచ్చి ఆ డేటా ముగించవయ్యా’ అని ప్రొఫెసర్ అడుగుతాడు. మొహమాటానికి వెళ్తారు. ప్రొఫెసర్ మంచివాడే కావచ్చు, ఇమిగ్రేషన్ చట్టం మాత్రం ఆయనకు తెలియదు. చదువయ్యాక పనిచేసేందుకు అనుమతించే ఓపీటీ కార్డు చేతికొచ్చి, అందులో రాసిన తేదీ మొదలయ్యేదాకా అలాంటి పని పెట్టుకోకండి. జీతం తీసుకోవడం లేదు కదా అన్న సమాధానం మిమ్మల్ని కాపాడుతుందనుకోకండి, ముందు డీఎస్‌ఓను అడగండి.

ఓపీటీకి ముగింపు తేదీకి 90 రోజుల ముందునుంచి, ఆ తర్వాత 60 రోజుల వరకు దరఖాస్తు చేయొచ్చు. డీఎస్‌ఓ ప్రభుత్వ విద్యార్థి రికార్డుల వ్యవస్థ అయిన సెవిస్‌లో సిఫారసు నమోదు చేసిన 30 రోజుల్లో దరఖాస్తు అధికారులకు చేరాలి. సిఫారసు వచ్చిందని నిశ్చింతగా ఉండి ఈ 30 రోజులు మరిచిపోయేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా గడపగలిగేది మొత్తం 90 రోజులే. అలసిపోయాను, కాస్త విశ్రాంతి తీసుకుంటానన్న రోజులూ అందులోనే పోతాయి.

రోజులు మునుపటిలా లేవు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులను ప్రభుత్వం ఉన్నట్టుండి రద్దు చేసింది. కోర్టుల్లో వరసగా కేసులు పడ్డాక నెలాఖరుకు పునరుద్ధరించింది. అదే ఏడాది ఆగస్టు 28న విద్యార్థి వీసాపై దేశంలో ఉండే గడువును గరిష్ఠంగా నాలుగేళ్ళకు, గ్రేస్ పీరియడ్‌ను 30 రోజులకు కుదించే నిబంధనను ప్రతిపాదించింది. అమెరికాలో నాలుగేళ్ళలో పీహెచ్‌డీ ముగించేవాళ్ళు అరుదు. 2025 సెప్టెంబర్ నుంచి ఇంటర్వ్యూ లేకుండా వీసా ఇచ్చే డ్రాప్‌బాక్స్ సదుపాయం దాదాపుగా పోయింది కాబట్టి, డిఫెన్స్ కాగానే అక్క పెళ్ళికని విమానం ఎక్కేముందు వీసా స్టాంపింగ్ అవసరమవుతుందేమో, అపాయింట్‌మెంట్ దొరుకుతుందో లేదో చూసుకోవాలి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు తెలుగు పిల్లల కాళ్ళకు ఎలక్ట్రానిక్ పట్టీలు కట్టిన దృశ్యం మన ఇళ్ళల్లో ఎవరూ మరిచిపోలేదు. అది బోగస్ సంస్థ కథ, నిజమైన యూనివర్సిటీలో నిజాయితీగా చదివేవాళ్ళకు దానితో పోలిక లేదు. కానీ నిబంధన తెలియదన్న మాట అప్పుడూ అక్కరకు రాలేదు.

ఇక థీసిస్ లోపలి సంగతి. మన దేశంలో యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రచనలతో పోలికలు 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. ఆ అంకె మన విద్యార్థుల తలల్లో లక్ష్మణరేఖలా నిలిచిపోయింది. అమెరికాలో దేశమంతటికీ వర్తించే అలాంటి అంకె లేదు. సాఫ్ట్‌వేర్ మూడు శాతమే చూపినా, ఆ మూడు శాతం ఆధారం చెప్పకుండా ఎత్తిన రెండు పేరాలైతే కొంప మునుగుతుంది. పైగా అక్కడ థీసిస్ బీరువాలో నిద్రపోదు. మార్టిన్ లూథర్ కింగ్‌కు బోస్టన్ యూనివర్సిటీ 1955లో డాక్టరేట్ ఇచ్చింది. ఆయన చనిపోయిన 23 ఏళ్ళకు, 1991లో, అదే యూనివర్సిటీ కమిటీ అందులో కొన్ని భాగాలు ఇతరుల రచనల నుంచి సరైన ఆధారం చూపకుండా తీసుకున్నవని తేల్చింది. డిగ్రీ రద్దు చేయలేదు గానీ, లైబ్రరీ ప్రతికి ఆ సంగతి చెప్పే లేఖ జతచేశారు. నోబెల్ శాంతి బహుమతి పొందిన మనిషికే ఆ లేఖ తప్పలేదు. ఓహియో యూనివర్సిటీ మెకానికల్ ఇంజనీరింగ్ విభాగంలో ఒక విద్యార్థి లైబ్రరీలో పాత మాస్టర్స్ థీసిస్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే డజన్లకొద్దీ కాపీలు బయటపడ్డాయి. అది 2005-06 నాటి మాట, అతడు కళ్ళతో వెతికాడు. ఇప్పుడు ఆ పని యంత్రాలు చేస్తాయి. ఏఐతో రాయించుకుంటే సరిపోతుందనుకునేవాళ్ళూ ఆగాలి. మిన్నెసోటా యూనివర్సిటీ 2024లో ప్రిలిమ్ పరీక్షలో ఏఐ వాడాడంటూ ఒక పీహెచ్‌డీ విద్యార్థిని బహిష్కరించింది. తాను వాడలేదంటూ అతడు కోర్టుకెక్కాడు. వాడారా లేదా అన్నది నిరూపించే కష్టం చివరికి విద్యార్థి నెత్తినే పడుతుంది. అందుకే చిత్తుప్రతులన్నీ తేదీలతో దాచుకోండి. ఏఐ విషయంలో మీ కమిటీ ఎంతవరకు ఒప్పుకుంటుందో ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఇంజనీరింగ్, ఫార్మా పిల్లలకు ఇంకో మాట. థీసిస్ అందరికీ తెరిచిన రోజున మీ ఆవిష్కరణ లోకానికి చెప్పేసినట్టే. జర్మనీలో ఫ్రైబర్గ్ యూనివర్సిటీ లైబ్రరీ కేటలాగ్‌కు ఎక్కిన ఒకే ఒక్క డాక్టోరల్ థీసిస్ ప్రతిని అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 1986లో ‘ప్రచురణ’గా లెక్కగట్టి, దాని ఆధారంగా ఒకరికి పేటెంట్ నిరాకరించడాన్ని సమర్థించింది. లైబ్రరీ అరలో ఉన్న ఒక్క ప్రతికే అంత బలముంటే ఇంటర్నెట్‌లో ఉన్నదానికి చెప్పాలా? సొంత ఆవిష్కరణకు అమెరికా చట్టం ఒక ఏడాది గడువిస్తుంది, యూరప్ అదీ ఇవ్వదు. డిఫెన్స్ బహిరంగంగా పెట్టేముందే యూనివర్సిటీ పేటెంట్ విభాగంతో మాట్లాడండి. డిపాజిట్ ఫారంలో, థీసిస్‌ను కొంతకాలం బయటపెట్టకుండా ఆపే ఎంబార్గో అన్న గడిని చూడకుండా క్లిక్ చేసుకుంటూ పోకండి. ఆరు నెలలు, ఏడాది, రెండేళ్ళ ఎంబార్గో సాధారణంగా దొరుకుతుంది.

డిపాజిట్ అయ్యాక ‘మీ థీసిస్‌ను పుస్తకంగా వేస్తాం’ అంటూ తియ్యటి ఈమెయిళ్ళు వస్తాయి. హక్కులు రాసిచ్చే కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు. డబ్బుకు అధ్యాయాలు రాసిపెట్టేవాళ్ళ జోలికి అసలే వెళ్ళొద్దు.

తానా, ఆటా, నాట్స్ వంటి అమెరికా తెలుగు సంఘాలు సభల్లో ఎన్నో కార్యక్రమాలు పెడతాయి. ఏడాదికి ఒక పూట ఇమిగ్రేషన్ లాయర్‌నీ, ఒక డీఎస్‌ఓనూ పిలిచి పీహెచ్‌డీ విద్యార్థులతో కూర్చోబెట్టమని వాటిని కోరుతున్నాం. వాట్సాప్ గ్రూపులో సీనియర్ చెప్పిన జవాబు అతడి యూనివర్సిటీకి, అతడి ఏడాదికి సరిపోయి ఉండొచ్చు. మీది వేరు.

తల్లిదండ్రులారా, ‘డిఫెన్స్ అయిందా?’ అని అడగడం మానండి. డిపాజిట్ అంగీకరించినట్టు గ్రాడ్యుయేట్ స్కూల్ నుంచి ఈమెయిల్ వచ్చిందా, ఓపీటీ దరఖాస్తు చేరిందా అని అడగండి. విద్యార్థులారా, కమిటీతో డిఫెన్స్ తేదీ ఖాయం చేసుకునే ముందే డీఎస్‌ఓ దగ్గరికి వెళ్ళి, మీ ఐ-20 ముందు పెట్టి, డిపాజిట్ ఏ రోజున చేస్తే ఏమవుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఈ వారమే వెళ్ళండి.