గాలి మేపితే చాలునా, నీళ్లెవరిస్తరు?

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పంటలకు మంచిదేనట! మొక్కకు అదే తిండి గనుక దిగుబడి దానంతట అదే పెరుగుతుందట! సెమినార్లలో ఈ మాట విన్నప్పుడల్లా మాకు పాలమూరు చలకలు గుర్తుకొస్తయి.

పూర్తిగా అబద్ధమని మేం అనడం లేదు. 1958లో హవాయి దీవిలో కొలవడం మొదలుపెట్టిననాడు పది లక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు 315 పాళ్ల దాకా ఉండేది. 2024 నాటికి 420 దాటింది. అది ఎక్కువ దొరికితే వరి, పత్తి, కంది, పల్లి బాగానే ఏపుగా ఎదుగుతయి. ఆకుల మీది సన్నని రంధ్రాలు కొంత ముడుచుకొని నీళ్ల ఖర్చు కూడా తగ్గుతుంది. చెప్పేవాళ్లు ఇక్కడికి వచ్చి ఆగిపోతారు. అసలు కథ ఆ తర్వాతే ఉంది.

అమెరికాలోని ఇల్లినాయిస్‌లో సోయా చేలోకి ఈ వాయువును అదనంగా వదిలి 8 ఏండ్లు పరిశీలించారు. ఫలితాలు 2016లో అచ్చయినయి. వానలు పడ్డ ఏడు లాభమే. ఎండలు మండి కరువు ముదిరిన ఏడు ఆ లాభం గల్లంతు! ఆకు ఎక్కువైతే తాగే నోళ్లూ ఎక్కువే కదా. పొదుపు చేసిన నీళ్లు అక్కడికే సరి.

మన సంగతి చూద్దాం. 2015లో తెలంగాణలో 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. ఆ ఏడు గాలిలో ఈ వాయువుకేం కొరత లేదు, 400 పాళ్లున్నది. లేనిది వాన. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతుకు గాలి ఎరువు ఏం ఒరగబెట్టింది?

జొన్న, సజ్జ, మక్కల తీరు వేరు. అవి ఈ వాయువును ఆకులోనే పోగేసుకుంటయి కనుక గాలిలో పెరిగినా వాటికి పెద్ద తేడా లేదు. కరువులో నీటి పొదుపు మాత్రం కలిసొస్తుంది. అట్లాంటి జొన్నను వెళ్లగొట్టి చలకల్లో పత్తి నింపుకున్నం!

ఇంకోటి. ఈ వాయువు పెరిగిన గాలిలో పండిన వరి, గోధుమ గింజల్లో మాంసకృత్తులు, ఇనుము, జింకు తగ్గుతున్నట్టు 2014లోనే తేల్చారు. రేషన్ బియ్యమే దిక్కయిన ఇంట్లో ఇది చిన్న సంగతా?

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోనే మెట్ట సేద్యానికి కేంద్ర పరిశోధనా సంస్థ ఉన్నది. పైకప్పు తెరిచిన గదుల్లో ఈ వాయువు పెంచి పంటలు పండించి చూస్తున్నది. ఆ లెక్కలు ఇంగ్లీషు పత్రికల్లోనే ఉండిపోతే ఎట్లా? వ్యవసాయ కాలేజీల విద్యార్థులు వాటిని తెలుగు చేసి, ఈ వానాకాలం విత్తనం కొనకముందే రైతుల చేతిలో పెట్టాలె.